సముద్రంలో ఒక తీరిక రోజు: ఓరుగల్లు వైపు నుంచి మొదటిసారి క్రూజ్ ఎక్కేవారికి సమగ్ర మార్గదర్శి

వరంగల్, ములుగు, కరీంనగర్, జగిత్యాల వైపు పుట్టి పెరిగిన మనకు నీళ్లంటే చెరువే. భద్రకాళి చెరువైనా, పాకాలైనా, లక్నవరమైనా కట్ట మీద నిలబడి చూస్తే అవతల ఒక ఒడ్డో, గుట్టో, తాటివనమో కనిపించి చూపుకు ఆధారం దొరుకుతుంది. నడిసముద్రంలో ఆ ఆధారం ఉండదు. మా అమ్మ మొదటిసారి ఓడ డెక్ మీదికి వచ్చిన పొద్దున రెయిలింగ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని చాలాసేపు మాట లేకుండా నిలబడి, చివరికి "గిన్ని నీళ్లకు అవుతల గట్టే లేదా బిడ్డా" అని అడిగింది. రెండు గంటలు గడవకముందే ఆమెకు కడుపులో తిప్పి, ఆ రోజంతా గదిలో కళ్లు మూసుకుని పడుకోవలసి వచ్చింది. ఆ రోజు శనివారం, ఆమె ఒక్కపొద్దు ఉన్నది. ఖాళీ కడుపుతో ఓడ ఊపును తట్టుకోవడం కష్టమని నాకు ముందే తెలిసి ఉంటే ఆ రోజు అలా పాడయ్యేది కాదు. ఆ తర్వాత చేసిన ప్రయాణంలో అదే అమ్మ పొద్దుటి నుంచి చుక్కలు పొడిచేదాకా డెక్ మీద హాయిగా గడిపింది. ఈ రెండు రోజుల మధ్య తేడా ఎక్కడ వచ్చిందో మెట్టు మెట్టుగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఓడ ఏ రేవుకూ చేరకుండా పగలంతా సముద్రంలోనే సాగే రోజును క్రూజ్ వాళ్లు, అంటే విహార ఓడలు నడిపేవాళ్లు, సీ డే అంటారు. చాలామంది దీన్ని రెండు ఊళ్ల మధ్య వృథాగా పోయే రోజుగా లెక్కిస్తారు. నా లెక్కలో డబ్బు పెట్టి కొనదగిన రోజు ఇదొక్కటే. మనం తిరుపతికి పోయినా, కాశీకి పోయినా నాలుగింటికి లేచి, వరుసలో నిలబడి, బండి మారి, ఎన్ని చూశామో లెక్కపెట్టుకుని అలసిపోయి ఇల్లు చేరతాం. ఎక్కడికీ పోనక్కరలేని రోజు మన ప్రయాణాల్లో దాదాపు ఉండదు. అందుకే ఆ రోజును గడపడం కూడా నేర్చుకోవలసి వస్తుంది.

మొదటి మెట్టు: కాలం, దారి, గది

సముద్రం అన్ని నెలల్లో ఒకే తీరుగా ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల అరేబియా సముద్రం బాగా ఎగసిపడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానులు వచ్చే కాలం. మొదటిసారి వెళ్లేవారికి, అందులోనూ పెద్దవారిని వెంట తీసుకెళ్లేవారికి, జనవరి నుంచి మార్చి దాకా ఉండే రోజులు మేలు. 

దారుల విషయానికి వస్తే, 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ అనే ఓడను విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైల మీదుగా నడిపింది. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు ప్రయాణాలు మొదలయ్యాయి, అదే ఏడాది సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ముంబయి నుంచి గోవాకు, లక్షద్వీప్‌కు ప్రయాణాలు ఉంటాయి. ఏ ఏటి షెడ్యూలు ఆ ఏటిదే కాబట్టి రైలు టికెట్టు కొనకముందు ఓడ తేదీని ఖాయం చేసుకోవాలి. ప్రయాణ పట్టికలో "ఎట్ సీ" అని రాసిన రోజు కనీసం ఒకటి ఉందో లేదో చూడాలి, ఎందుకంటే రెండు రాత్రుల ప్రయాణాల్లో అది ఒక్కోసారి ఉండనే ఉండదు.

మన స్టేషన్ల నుంచి రేవులకు చేరడం సులువే. విశాఖకు గోదావరి ఎక్స్‌ప్రెస్, చెన్నై వైపు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ కాజీపేట, వరంగల్ మీదుగా రాత్రిపూట పోతాయి, ముంబయికి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది. అయితే ఓడ ఎక్కే రోజు పొద్దున దిగేలా రైలు పెట్టుకోవద్దు. రైలు ఆలస్యమైందని ఓడ ఆగదు, పైగా ఓడ కదలడానికి చాలా ముందే టెర్మినల్‌లో తనిఖీ కౌంటర్లు మూసేస్తారు. ఒక రోజు ముందే ఆ ఊరు చేరి రాత్రి నిద్రపోయి ఎక్కినవారికి మరునాటి సీ డే నిజంగా విశ్రాంతి దినమవుతుంది. నిద్రలేని ఒంటికి ఓడ ఊపు ఎక్కువగా తెలుస్తుంది.

గది ఎంపికకు తీరికగా సమయం పెట్టండి. ఆర్టీసీ బస్సులో వెనుక చక్రం దాటిన సీట్లో కూర్చుంటే ప్రతి గుంతకూ ఎగిరిపడతాం, నడుమ సీట్లో అంత తెలియదు. ఓడకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అలల మీద ఓడ ముందూ వెనుకా లేస్తూ దిగుతూ, పక్కలకు ఒరుగుతూ ఉంటుంది, ఈ కదలిక నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో అతి తక్కువగా ఉంటుంది. ఎంప్రెస్ పొడవు సుమారు 210 మీటర్లు, అంటే దాదాపు తొమ్మిది రైలు బోగీలంత. అంత పొడవులో మొనన ఉన్న గదికీ నడుమ ఉన్న గదికీ ఎంత తేడా ఉంటుందో ఊహించుకోవచ్చు. బాల్కనీ గది ఖరీదు ఎక్కువ. డబ్బు పరిమితంగా ఉంటే నడిమి భాగంలో, కింది అంతస్తులో, కిటికీ ఉన్న గది తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే కిటికీలోంచి నీటి అంచు కనిపించడం కడుపుకు కూడా మేలు చేస్తుంది. ఓడ అంతస్తుల పటం చూసి, తలమీద డాన్సు హాలో, ఈత కొలనో, కింద థియేటరో లేని గదిని అడిగి తీసుకోవాలి. పైన కుర్చీలు లాగుతుంటే మధ్యాహ్నం నిద్ర పట్టదు.

రెండో మెట్టు: సంచి, మందులు

ఓడలో పెద్ద సూట్‌కేసులను టెర్మినల్‌లోనే తీసుకుని కొన్ని గంటల తర్వాత గది ముందు పెడతారు. కాబట్టి బీపీ, షుగర్ మాత్రలు, కళ్లద్దాలు, ఆధార్ లేదా పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. దేశం లోపలి ప్రయాణానికి ప్రభుత్వ గుర్తింపు కార్డు సరిపోతుంది, శ్రీలంక వంటి చోట్లకు పాస్‌పోర్టు తప్పనిసరి. 24వ వారంలోకి వచ్చిన గర్భిణులను సాధారణంగా ఓడ ఎక్కించుకోరు, చంటిపిల్లల వయసు మీద కూడా పరిమితులు ఉంటాయి.

ఇస్త్రీ పెట్టె, కరెంటు కెటిల్, కొవ్వొత్తులు, అగరుబత్తులు, కర్పూరం తీసుకెళ్లకూడదు. నడిసముద్రంలో ఓడకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం నిప్పే, అందుకే ఈ నియమం అంత కఠినంగా ఉంటుంది. రోజూ దీపం పెట్టనిదే కాఫీ కూడా ముట్టని పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉంటారు. వారికి ఈ సంగతి ఇంట్లోనే నెమ్మదిగా చెప్పి ఒప్పించాలి. ఓడ ఎక్కిన తర్వాత చెబితే మనసు నొచ్చుకుని ఆ పొద్దంతా దిగులుపడతారు. సకినాలు, గారిజెలు పెట్టుకుపోవచ్చా అన్నది ఆయా సంస్థల నియమాల్ని బట్టి ఉంటుంది, చాలా చోట్ల ఇంట్లో చేసిన తినుబండారాలను అనుమతించరు.

ఇక ఓడ ఊపుకు వచ్చే వికారం సంగతి. కళ్లు గది గోడను చూసి "మనం కదలడం లేదు" అంటుంటే, లోపలి చెవిలో ఉండే సమతుల్యతా భాగం "ఊగుతున్నాం" అని చెబుతుంది. ఈ రెండు కబుర్లు పొసగక మెదడు తికమకపడి కడుపులో తిప్పుతుంది. చికిత్స అంతా ఈ కారణంలోనే ఉంది. డెక్ మీదికి వచ్చి, కదలకుండా కనిపించే నీటి అంచు మీద చూపు నిలిపితే కళ్లూ చెవీ ఒకే మాట చెప్పడం మొదలుపెడతాయి. ఆ సమయంలో గదిలో కూర్చుని ఫోను చూడటం, పుస్తకం చదవడం మాత్రం చేయకూడదు. ఖాళీ కడుపూ పనికిరాదు, నిండు కడుపూ పనికిరాదు. బిస్కెట్లు, అటుకులు, ఇడ్లీ వంటి తేలికపాటివి కొంచెం కొంచెంగా తింటూ, అల్లం ముక్క నములుతూ ఉంటే చాలామందికి సర్దుకుంటుంది. మెక్లిజిన్, ప్రోమెథజిన్ వంటి మాత్రలు వికారం మొదలయ్యాక కాకుండా గంట ముందే వేసుకుంటే పనిచేస్తాయి. ఇవి మత్తు కలిగిస్తాయి, మద్యంతో కలపకూడదు, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) గానీ ప్రోస్టేటు సమస్య గానీ ఉన్నవారికి సరిపడకపోవచ్చు. అందువల్ల మన ఊరి డాక్టరును అడిగి, రాయించుకుని తెచ్చుకోవడమే పద్ధతి. ఒక్కపొద్దు ఉండే అలవాటున్న పెద్దలను ఓడలో ఉన్నప్పుడు పాలు, పండ్లు అయినా తీసుకోమని ఒప్పించండి. మా అమ్మ రెండోసారి అరటిపండ్లు, మజ్జిగతో గడిపింది, ఆమెకు ఏమీ కాలేదు.

మూడో మెట్టు: ఎక్కిన సాయంత్రం

గదిలోకి పోగానే తలుపు వెనుక అతికించిన కాగితం చదవండి. ప్రమాదం వస్తే మీరు చేరవలసిన చోటు అందులో ఉంటుంది. ఓడ కదలకముందే మస్టర్ డ్రిల్ అనే భద్రతా శిక్షణ జరుగుతుంది, దాన్ని ఎవరూ తప్పించుకోకూడదు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాతికి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన ప్రయాణికులకు అప్పటికి డ్రిల్ జరగనేలేదు. ఆ తర్వాత అంతర్జాతీయ నియమాన్ని మార్చి, ఓడ బయలుదేరకముందో బయలుదేరిన వెంటనేనో ఈ శిక్షణ పూర్తి కావాలని 2015 నుంచి అమలు చేస్తున్నారు. ఏడు పొట్టి కూతలు, వాటి వెంట ఒక పొడుగు కూత వినిపిస్తే అత్యవసర పరిస్థితి అని అర్థం. పిల్లలకు ఇది నేర్పండి, ఆటగా పాడుకుంటూ గుర్తుపెట్టుకుంటారు.

తీరం కనుమరుగయ్యేలోపు రెండు పనులు ముగించుకోవాలి. ఒకటి, రేపు ఫోన్ కలవదని ఇంటివాళ్లకు చెప్పడం. పరకాలలోనో మంథనిలోనో ఉన్న నాయినమ్మకు ఈ మాట ముందే చెప్పకపోతే ఆమె పగలంతా వాకిట్లోనే కూర్చుంటుంది. రెండోది, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం. అలా పెట్టకపోతే అది ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌ను పట్టుకుని పెద్ద బిల్లు తెస్తుంది.

రాత్రి గదిలోకి మరునాటి కార్యక్రమాల కాగితం వస్తుంది, కొన్ని ఓడల్లో యాప్‌లో ఉంటుంది. పాటల పోటీ, వంట ప్రదర్శన, తంబోలా, ఇంద్రజాలం, యోగా అంటూ పొద్దున ఏడింటి నుంచి అర్ధరాత్రి దాకా ఖాళీ లేకుండా నింపి ఉంటుంది. సీ డే నిలిచేదీ పాడయ్యేదీ ఇక్కడే. ఇంటిల్లిపాదీ కూర్చుని అందులో రెండంటే రెండే ఎంచుకోండి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మిగతావాటిని మరచిపోండి. అన్నిటికీ డబ్బు కట్టాం కదా అనిపిస్తుంది గానీ, మనం డబ్బు కట్టింది ఆ కాగితంలో రాయని సముద్రానికి కూడా.

నాలుగో మెట్టు: తెల్లవారుజాము

పొద్దున్నే లేచే మన అలవాటు ఓడలో వరమవుతుంది. రాత్రి ఆలస్యంగా పడుకున్నవారంతా ఇంకా నిద్రలో ఉంటారు, డెక్ దాదాపు ఖాళీగా ఉంటుంది. జనవరిలో మన తూర్పు తీరంలో సూర్యోదయం సుమారు 6.30కు అవుతుంది, అరగంట ముందే పైకి చేరాలి. ఓడ సిబ్బంది ఆ సమయంలో డెక్ కడుగుతారు కాబట్టి జారని చెప్పులు వేసుకోవాలి, పెద్దవారి చేయి పట్టుకోవాలి.

ఎటువైపు నిలబడాలన్నది దిక్కును బట్టి తేల్చుకోవచ్చు. ఓడ మొన వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమచేతి వైపును పోర్ట్ అనీ, కుడిచేతి వైపును స్టార్‌బోర్డ్ అనీ అంటారు. విశాఖ నుంచి చెన్నైకి, అంటే దక్షిణం వైపు పోతుంటే సూర్యుడు ఎడమవైపు పొడుస్తాడు, కుడివైపు కుంగుతాడు. చెన్నై నుంచి పైకి వస్తుంటే ఇది తారుమారవుతుంది. ముంబయి నుంచి గోవా, లక్షద్వీప్ వైపు పోయేటప్పుడు సూర్యాస్తమయం కోసం కుడివైపు కుర్చీలు చూసుకోవాలి.

ఆ వేళ ఒక కప్పు చాయ్ తెచ్చుకుని కూర్చోవడం తప్ప ఇంకేమీ చేయవద్దు. ముందు నీళ్లు బొగ్గు రంగులో ఉంటాయి. తర్వాత తూర్పు అంచున పసుపు కలిసిన ఎరుపు గీత పడుతుంది. సూర్యుడి పైఅంచు బయటపడ్డ క్షణం నుంచి పూర్తి గుండ్రం పైకి లేచేదాకా పట్టేది రెండు మూడు నిమిషాలే. ఆ వెలుగు అలల మీదుగా దారిలా సాగివచ్చి సరిగ్గా మన కాళ్ల ముందు ఆగుతుంది. పక్కకు పది అడుగులు జరిగినా అది మనతోపాటే జరుగుతుంది, పిల్లలకు చూపిస్తే నమ్మలేక అటూ ఇటూ పరుగెత్తి చూస్తారు. తీరంలో ఇసుక మీద నిలబడితే నీటి అంచు నాలుగైదు కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. కంటి ఎత్తు 30 మీటర్లయ్యే పై డెక్ నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరం కనిపిస్తుంది. నాలుగు దిక్కులా అంత మేర నీళ్లే.

ఐదో మెట్టు: పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా

ఓడలో జనం ఒకే సమయంలో ఒకే చోటికి పోతారు. వారికి ఎదురు గడియారంతో నడిస్తే రోజంతా నిమ్మళంగా ఉంటుంది. అందరూ తొమ్మిదింటికి టిఫినుకు పోతే మీరు ఏడున్నరకే ముగించండి. ఈత కొలనులో పిల్లలను ఎనిమిదింటికో, అందరూ అన్నానికి పోయే ఒంటిగంటకో ఆడించండి. చాలా ఓడల్లో కొలను దగ్గర కాపలా ఉండే ఈతగాడు ఉండడు, కాబట్టి ఇంట్లో ఒక పెద్ద మనిషి ఫోన్ పక్కనపెట్టి గట్టున కూర్చోవాలి. బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకున్నట్టు ఇక్కడ తువ్వాళ్లు వేసి కుర్చీలు ఆపుకుంటారు. ఆ పోటీకి దిగకుండా కొలను దగ్గర కాకుండా, కింది డెక్‌లో నీడవైపు ఓడ పొడవునా ఉండే నడవలో చోటు వెతకండి. అక్కడ పాటల హోరు ఉండదు, నీటిని చీల్చుకుపోయే చప్పుడు మాత్రమే వినిపిస్తుంది.

గాలి చల్లగా తగులుతుంటే ఎండ తెలియదు. నీటి మీది నుంచి తిరిగి కొట్టే వెలుతురు కూడా తోడై సాయంత్రానికి ముఖం కమిలిపోతుంది. సన్‌స్క్రీన్, టోపీ, పలుచని పొడుగు చేతుల అంగీ పది గంటలకల్లా వేసుకుని ఉండాలి.

ఓడ 16 నాట్ల వేగంతో పోతుందంటే గంటకు సుమారు 30 కిలోమీటర్లు, అంటే హన్మకొండ నుంచి ములుగు పోయే బస్సు కంటే నెమ్మది. అయినా ఎక్కడా ఆగకుండా రాత్రింబవళ్లు సాగడం వల్ల రోజుకు 700 కిలోమీటర్లు దాటుతుంది. తీరం వదిలిన కొద్దీ నీటి రంగు మట్టి కలిసిన ఆకుపచ్చ నుంచి ముదురు నీలానికి మారుతుంది. మొనకు దగ్గరగా నిలబడి ఓపిగ్గా చూస్తే ఓడ అలజడికి నీళ్లలోంచి లేచి, అరచేతి పొడవు వెండిముక్కల్లా గాలిలో తేలిపోయి మళ్లీ మునిగే ఎగిరే చేపలు కనిపించవచ్చు.

విశాఖ నుంచి చెన్నైకి పోయే దారిలో కుడివైపున, కంటికి అందని దూరంలో, మోటుపల్లి అనే పాత రేవు ఉంది. ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు గాలివానకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవారి మీద అలా చేయబోమని, ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని ఆ శాసనం మాట ఇచ్చింది. మన ఖిలా వరంగల్ రాతి తోరణాల మధ్య తిరిగి పెరిగిన పిల్లలకు ఈ కథ చెప్పడానికి ఆ డెక్ కంటే తగిన చోటు నాకు తోచదు.

ఆరో మెట్టు: అన్నం, నిద్ర

బఫేలో ముందు ఖాళీ పళ్లెంతో ఒక చుట్టు తిరిగి ఏమేమి ఉన్నాయో చూసి, తర్వాతే వడ్డించుకోండి. చేతులను సబ్బుతో, నీళ్లతో కడుక్కోవాలి. ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. మధ్యాహ్నం పప్పన్నం, పెరుగన్నం వంటి తేలికైనవి తిని, మసాలా కూరలను రాత్రికి వాయిదా వేయడం కడుపుకు మంచిది.

ఆ తర్వాత గంటసేపు నిద్ర. దీన్ని తప్పనిసరి కార్యక్రమంగా లెక్కించండి. నెమ్మదైన అలల మీద ఓడ ఊపు ఉయ్యాల వంటిదే. ఫోను మోగదు, పలకరించడానికి ఎవరూ రారు, దిగవలసిన స్టేషనూ రాదు. మా బాపు ఇంటి దగ్గర పగటినిద్ర ఎరుగని మనిషి. ఆయన ఆ రోజు చేతికి గడియారం ఉండగానే నాలుగున్నర దాకా పడుకుని, లేచాక ఎందుకు లేపలేదని కూడా అడగలేదు.

ఏడో మెట్టు: సాయంత్రం, రాత్రి

అయిదింటికల్లా అస్తమయం వైపు డెక్ చేరండి. సూర్యుడు మునిగిన వెంటనే జనం లోపలికి పోతారు. మీరు ఇంకో అరగంట ఆగండి, అసలు రంగులు అప్పుడే వస్తాయి. రాత్రి ప్రదర్శనకు ఎంచుకున్న ఆ ఒక్కదానికి పోయి, భోజనం చేసి, పడుకునే ముందు దీపాల వెలుతురు తక్కువగా ఉండే మూలకు వెళ్లండి. కళ్లు చీకటికి అలవాటుపడటానికి పావుగంటకు పైగా పడుతుంది, అప్పటిదాకా ఫోన్ తెర చూడకూడదు. చిన్నప్పుడు డాబా మీద నులక మంచాలు వేసుకుని చూసిన చుక్కలు అన్నీ మళ్లీ కనిపిస్తాయి. చంద్రుడు లేని రాత్రులకు తేదీ కుదిరితే మరీ మంచిది. దూరంగా పోయే ఓడకు ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం ఉంటాయి. ఎర్రది కనిపిస్తే దాని ఎడమ పక్క మన వైపు ఉందని తెలుస్తుంది, అది ఎటు పోతున్నదో పిల్లలే చెప్పగలుగుతారు.

దిగిన తర్వాత

నేల మీదికి వచ్చాక ఒకటి రెండు రోజులు కాళ్ల కింద భూమి మెల్లగా ఊగుతున్నట్టు అనిపించడం మామూలే. ఒళ్లు ఓడకు అలవాటుపడి ఉంటుంది, తిరిగి నేలకు అలవాటుపడటానికి కొంత సమయం తీసుకుంటుంది. స్టేషన్ నుంచి ఇంటికి బండి మీరే నడపకుండా ఆటోలో పోవడం మంచిది. ఇంట్లో తలస్నానం చేస్తూ కళ్లు మూసుకున్నప్పుడు ఆ ఊపు ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి పెద్దవారికి పీట వేసి, చేతికి అందేలా గోడ పక్కన కూర్చోబెట్టండి. హన్మకొండకు వచ్చిన మరునాడు మా అమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో తల మీద నీళ్లు పోసుకుంటూ, "ఓడ ఇంక పోతనే ఉన్నది" అని లోపలి నుంచి అందరికీ వినబడేలా చెప్పింది.